ముల్లుగారి మాట

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలెడితే చెప్పులేసుకుని వెళ్లిపోయే రకం నేను. ఇది చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది. కానీ జరిగింది.

తొంభైల్లో పాలకొల్లులో దానియేలు మాస్టారి దగ్గర ఫొటోలు తీయడం నేర్చుకున్నాను. వెలుతురు కొలవడంలో అంతటి మొనగాణ్ణి మళ్లీ చూడలేదు. ఆయన దగ్గర బ్యాటరీ అక్కర్లేని పాత లైట్ మీటరు ఉండేది. నెలకోసారి మిట్టమధ్యాహ్నం డాబా మీద నీలిమందు పెట్టిన తెల్ల పంచె ఆరేసి, దానికి మీటరు చూపించేవారు. గాజు మీద తను గీసుకున్న ఎర్రగీత దగ్గర ముల్లు ఆగాలి. ఆగకపోతే వెనక మర తిప్పి సరిచేసేవారు. మహానుభావుడు, ఆ ముల్లుకి కూడా మర్యాద ఇచ్చేవారు!

"ముల్లుగారు చెప్పాక వాదించకు అబ్బాయ్" అనేవారు.

పోయే ముందు ఆ మీటరు నా చేతిలో పెట్టి, "మా మనవరాలి పెళ్లి నువ్వే తియ్యాలి" అన్నారు. నేను ఒంటరిగా తీసిన మొదటి పెళ్లి అదే. చెడగొడితే పోయేది ఆయన పేరు.

పెళ్లి ముందురోజు మా డాబా మీద పంచె ఆరేసి, ముల్లుని ఎర్రగీతకు తెచ్చాను. మర కదలకుండా మా ఆవిడ గోళ్లరంగు చుక్క వేశాను.

మర్నాడు మొగల్తూరు చర్చి ముందు ఎండ మండిపోతోంది. ఆ ఎండకి లెన్సు పదహారో అంకె మీద ఉండాలని కళ్లు మూసుకుని చెబుతాను. ముల్లు ఎనిమిది అంటోంది. అంటే లెన్సు రెండు మెట్లు ఎక్కువ తెరవాలి; మెట్టుకి రెట్టింపు చొప్పున నాలుగింతల వెలుతురు లోపలికెళ్తుంది. అలా తెరిస్తే మొహాలు సున్నం కొట్టినట్టు వస్తాయి. గోళ్లరంగు చూస్తే చెక్కు చెదరలేదు. మీటరు మళ్లీ ఎండకి చూపించాను. మళ్లీ ఎనిమిదే.

మాస్టారి భార్య దగ్గరికొచ్చి, "ఏంటి బాబూ, ముల్లుగారు ఏమంటున్నారు?" అని నవ్వారు.

ఇక వాదించలేకపోయాను. ముల్లు చెప్పినట్టే తీశాను.

ఫొటోలు ఎంత బాగా వచ్చాయంటే, పెళ్లికూతురి తెల్లచీర మీద జరీ పోగులు కూడా కనిపించాయి.

వారం తర్వాత కెమెరా మొరాయిస్తే రాజమండ్రి తీసుకెళ్లాను. బాగుచేసే ఆయన విప్పి చూసి, "షట్టర్ సరిగ్గా తెరుచుకోవట్లేదండి. పది పదిహేను రోజులుగా పావు వంతు వెలుతురే లోపలికెళ్తోంది. ఫొటోలన్నీ నల్లగా వచ్చుండాలే!" అన్నాడు. పావు వంతంటే సరిగ్గా రెండు మెట్లు.

కెమెరాలో లోపం మీటరుకెలా తెలుస్తుంది? బాగైన కెమెరాతో ఇంటికొచ్చి పంచె ఆరేశాను. ముల్లు ఎర్రగీత మీద నిలబడింది. గోళ్లరంగు అలాగే ఉంది.

ఈనాటికీ నాకు అంతుపట్టలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం డాబా మీద ఒక్కణ్ణే నిలబడి, "అలాగేనండి, వాదించను" అని పైకే అన్నాను.