కాశిబుగ్గలో సముద్రం

ఆ రోజుల్లో ఇన్సూరెన్సంటే మనిషి పోయాక వచ్చేదనే మా వాళ్లకు తెలుసు. అందుకే ఎనభైల మొదట్లో నేను జనరల్ ఇన్సూరెన్సు ఏజెంటునై, సరుకుకూ బీమా ఉంటుందని వరంగల్ కాశిబుగ్గ గల్లీల్లో చెప్పుకు తిరుగుతుంటే జనం జాలిగా చూసేవారు (మా అమ్మతో సహా). నన్ను నమ్మిన మొదటి మనిషి మా పక్కింటి మగ్గాల మామ. ఎండాకాలమంతా ఇంటిల్లిపాదీ నేసిన జంపఖానాలు బొంబాయి పోవాలి. ఇన్సూరెన్సు లేకుండా వస్తే సరుకు దింపనివ్వనని అక్కడి సేటు కబురు పెట్టాడు. మర్నాడే లారీ. బయట ముసురు.

ఏజెంటు కేసు తెస్తే ఆఫీసు కళ్లకద్దుకుని తీసుకుంటుందనుకున్నాను. మా డెవలప్‌మెంట్ ఆఫీసరు (ఎప్పుడూ ఖాళీ సూట్‌కేసుతో తిరిగేవాడు గనుక సూట్‌కేసన్న) ఆ భ్రమ తీర్చాడు. "మనం పెండ్లి పెద్దలం రా తమ్మీ, కేసు పెండ్లిపిల్ల. పిల్లకు కోపమెక్కువని ముందుగాల్నే చెప్పాలె. గని వంట మంచిగ చేస్తదని గుడ చెప్పాలె."

మేనేజరుగారు కోస్తా మనిషి. మా ఆఫీసు మొత్తంలో సముద్రం చూసింది ఆయనొక్కడే. కిటికీలోంచి వాన చూసి, "ఓపెన్ లారీ, పైగా వానాకాలం. నా చేతిలో లేదు, హైదరాబాద్ ఆఫీసును అడగాలి" అన్నారు. హైదరాబాద్ జవాబిచ్చేసరికి ఆ జంపఖానాల మీద మామ మనవళ్లు పెళ్లి భోజనాలు చేస్తారని నాకు తెలుసు.

"కోపిష్టి పిల్లనే సార్," సూట్‌కేసన్న ఒప్పుకున్నాడు. "గని రెండు టార్పాలిన్లు కప్పుతాండ్రు. అది షరతు కింద రాసుకోండ్రి." మేనేజరుగారి మొహం కొంచెం మెత్తబడింది. పార్టీ సంతకం పట్టుకు రమ్మన్నారు.

లారీకి సరుకు ఎక్కిస్తుండగా మామ ముందు ఫారం పెట్టాను. పైన 'మెరైన్' అని ఉంది.

"మెరైన్ అంటే ఏందిరా?"

"సముద్రం, మామా."

మామ పెన్ను కింద పెట్టాడు. (రోడ్డు మీద పోయే సరుకుకూ మా వ్యాపారంలో అదే పేరు. ఎప్పుడో ఓడల కాలంలో పెట్టింది, ఎవరూ మార్చలేదు.) "నా మాల్ లారీల పోతాంది. రేపు బోల్తా పడితే, ఇది సముద్రం పాలసీ, నీ లారీ నీళ్లల్ల ఎందుకు పడలే అంటరు మీ సార్లు."

ఉన్నమాట చెబితే సరిపోయేది. నా నోరు ఊరుకుంటేగా. "ఈ వానకు రోడ్డంత సముద్రమే గద మామా."

"అట్లయితే రాసియ్యి."

డ్రైవరు హారన్ కొడుతున్నాడు. రాశాను: 'వరంగల్ నుండి బొంబాయి వరకు గల రోడ్డును సముద్రముగా భావించవలెను.' మామ రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టి, నమ్మకం చాలక నాతోపాటే ఆఫీసుకొచ్చాడు.

మేనేజరుగారు ఆ వాక్యం చదివారు. సూట్‌కేసన్న ఫ్యానుకేసి చూశాడు.

"ఓడ పేరు రాయలేదేం?"

"లారీ నంబర్ రాసిన, సార్."

"నేను సముద్రం చూసినవాణ్ని. అది ఇలా ఉండదు." వాక్యం కొట్టేసి, పాలసీ మీద తన చేత్తోనే తెలుగులో 'లారీ ప్రయాణానికి వర్తిస్తుంది' అని రాసి ముద్ర కొట్టారు. మామ 'లారీ' అన్న మాటను వేలితో తడిమి, "గిదే ముందుగాల రాస్తే ఐపోవు గద" అన్నాడు.

ఒక్క జంపఖానా కూడా తడవకుండా సరుకు బొంబాయి చేరింది. ఆ తర్వాత మామ ఎప్పుడు ఎదురైనా, "ఏం అల్లుడా, సముద్రం ఎండిందా?" అనేవాడు.

ఇప్పుడెవరైనా మెరైన్ అంటే ఏమిటని అడిగితే, అన్ని షరతులతో, ఒక్క తప్పు లేకుండా వివరిస్తాను. మర్యాదగా వింటారు. ఎవరూ నవ్వరు. వానకు మా గల్లీలో మోకాలి లోతు నీళ్లు నిలిచిన రోజు మాత్రం, లుంగీ ఎగగట్టి గడపలో నిలబడి, ఆనాటి నాలోని కుర్రాడు రాసిన వాక్యం మేనేజరుగారు కొట్టేయకుండా ఉండాల్సిందనుకుంటాను.