ఆరు వాక్యాలకు పోయిన ఉద్యోగం

రెండువేల ఎనిమిది ప్రాంతంలో బాన్సువాడలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఒక వేసవి సెలవుల్లో తరగతి గదుల్లోంచి టీచర్ల కుర్చీలన్నీ తీయించేశారు. కూర్చుంటే బద్ధకం పెరుగుతుందని కరస్పాండెంట్ అభిప్రాయం. ఆయన మాత్రం గాజు తలుపు వెనక గుండ్రంగా తిరిగే కుర్చీలో వాలి మమ్మల్ని చూస్తుండేవాడు. ఆ మనిషిని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

హిందీ టీచరుకు అప్పుడు ఏడో నెల. రోజుకు ఆరు పీరియడ్లు నిలబడేది. మధ్యాహ్నానికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. ఒకరోజు తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతూనే బోర్డు పట్టుకుని కిందికి జారిపోయింది. ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాను. సెలైన్ ఎక్కుతుండగా నా చెయ్యి పట్టుకుని, "సారుకు చెప్పకు అక్కా, తీసేస్తడు," అంది.

ఆయనకు చెప్పలేదు. సాయంత్రం బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌కు వెళ్లాను. నెట్‌లో నాకొక పేజీ ఉండేది. చుట్టాలు, పాత విద్యార్థులు చూసేవాళ్లు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటూ ఆరు వాక్యాలు రాశాను. స్కూలు పేరు లేదు, ఆమె పేరూ లేదు. "కడుపుతో ఉన్న మనిషిని నిలబెట్టి పాఠం చెప్పించేటోడు పిల్లలకు ఏం నేర్పుతడు?" అన్నది చివరి వాక్యం. మర్నాడు పాత విద్యార్థిని ఒకామె దాని కింద, "మేడం, ఇది మన స్కూలే కదా?" అని స్కూలు పేరుతో సహా రాసింది.

నాలుగో రోజుకు ఆ పేజీ ప్రింటు కరస్పాండెంట్ చేతిలో ఉంది. ఎవరిచ్చారో ఇప్పటికీ తెలియదు. ప్రార్థన అయ్యాక టీచర్లందరినీ స్టాఫ్ రూంలోకి పిలిచాడు.

"చదువు," అన్నాడు కాగితం నా మీదికి తోస్తూ.

ఆరు వాక్యాలూ గొంతు తగ్గించకుండా చదివాను.

"నా స్కూల్ల ఎవరు పడిపోయిండ్రు? ముందటికొచ్చి చెప్పుమను."

హిందీ టీచరు నేల చూపులు చూసింది. "నాకేం కాలే సార్. పొద్దున తినలే, గందుకే కండ్లు తిరిగినయ్." ఆయన తెల్లకాగితం ఇచ్చి ఆ మాటే రాయించుకున్నాడు. ఆమె సంతకం పెట్టింది.

"నెట్ల రాస్తానికి నీకు మస్తు టైముంది గదా," అన్నాడు నాతో. "ఇగ ఇంట్ల కూసొని రాస్కో, పో."

"కూసుంట సార్. మా ఇంట్ల కుర్చీలున్నయ్."

ఎవరూ నవ్వలేదు. నా సంచి తీసుకుని బయటికి వచ్చేశాను.

ఊళ్లో ఇంకో మూడు స్కూళ్లు తిరిగాను. మొదటి చోట డెమో క్లాసు చెప్పించుకుని మెచ్చుకున్నారు, మర్నాడు వద్దన్నారు. రెండో చోట ఆ ప్రింటు జిరాక్సు నాకే చూపించారు. మూడో చోట ప్రిన్సిపాల్ మేడం, "నీ పాఠం మంచిగనే ఉందమ్మా, నీ నోటితోనే మాకు ఫికర్," అంది. ఇంట్లో మా అన్నతో రోజూ గొడవ.

"గా రాసింది తీసేస్తే నీదేం పోతది? మాఫీ అడుగు, మళ్ల పిలుస్తడు."

తీయలేదు, అడగలేదు. అందుకు ఏడాదిపాటు ఖాళీగా ఉన్నాను.

చివరికి మహారాష్ట్ర సరిహద్దులో, డోంగ్లి వైపు ఒక చిన్న స్కూల్లో ఉద్యోగం దొరికింది. సగం మంది పిల్లలు ఇంట్లో మరాఠీ మాట్లాడేవాళ్లు. మొదటిరోజే హెడ్మాస్టరు, "నెట్ల రాసింది నువ్వేనా?" అని అడిగాడు. అవునన్నాను.

"ఈడ గూడ రాస్తవా?"

"రాయాల్సొస్తే రాస్త సార్."

టైంటేబుల్ నా చేతికిచ్చాడు.

ఒకసారి ఆ దారి బస్సులోనే హిందీ టీచరు కనబడింది, ఒడిలో బిడ్డతో. నా పక్కన ఖాళీ ఉంటే వచ్చి కూర్చుంది. "ఏం జేయను అక్కా, మా ఇంటికి గా నౌకరే దిక్కుండె," అంది. అది నిజమే. ఆమె స్థితిలో ఎవరైనా సంతకం పెట్టేవాళ్లే. అంతా తెలిసీ నా మనసు కరగలేదు. బిడ్డను ఒక్కసారి చూసి కిటికీ వైపు తిరిగాను. బిచ్కుందలో ఆమె దిగేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.