చింతగింజలు ఏరిన కాళ్ళు

మా నాన్నకు రైల్వేవాళ్ళిచ్చిన బూట్లు ఇంట్లో ఉన్నంతసేపూ మంచం కిందే ఉండేవి. టాటానగర్ లోకోషెడ్డులో ఫిట్టరు కనక డ్యూటీకి అవి వేసుకోక తప్పదు. షెడ్డు గేటు దాటగానే విప్పేసి, రెండింటి లేసులూ కలిపి ముడేసి, భుజాన వేలాడదీసుకుని బాగ్‌బేరాలో మా క్వార్టరు దాకా వట్టికాళ్ళతో నడిచొచ్చేవాడు. దారిలో ఎవరైనా నవ్వితే తనూ నవ్వేవాడు. "జోడేసుకుంటే కాలికి గంతలు కట్టినట్టే బావూ. కాలికీ కళ్ళుంటాయి," అనేవాడు.

ఆ మాట సరదాకి అన్నది కాదు. శ్రీకాకుళం వైపు ఇసుకలో చెడుగుడు ఆడి పెరిగిన మనిషి. పందొమ్మిదివందల యాభైల చివరికి తను ఆట మానేసినా, యార్డు పక్క మైదానంలో కాలనీ కుర్రాళ్ళకి పొద్దున్నే కసరత్తు చేయించేవాడు. పరుగు కన్నా ముందు పాదం అన్నది ఆయన పద్ధతి. మునివేళ్ళ మీద లేచి నిలబడమనేవాడు. మడమల మీద, తర్వాత పాదం బయటి అంచు మీద నడవమనేవాడు. ఆదివారాలు ఖర్కాయి ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళి ఇసుకలో తిప్పేవాడు. అంతా అయ్యాక కాళ్ళు కడుక్కుని, వేళ్ళ సందులు పొడిబట్టతో తుడుచుకుంటేనే ఇంటికి పంపడం. "సందుల్లో తడుంటే పాసిపోతాది," అంటూ ఒక్కొక్కడి కాలూ ఒళ్ళో పెట్టుకుని చూసేవాడు. ఆ కుర్రాళ్ళ కన్నతల్లులు కూడా అంత శ్రద్ధగా చూసి ఉండరు.

ఆడపిల్లని మైదానానికి పంపడానికి మా అమ్మ ఒప్పుకోలేదు. నా కసరత్తంతా ఇంట్లోనే. నాది చదునుకాలు. స్నానం చేసి గచ్చు మీద నడిస్తే తడి అడుగు మడమ నుంచి వేళ్ళ దాకా రొట్టెలా నిండుగా పడేది. నాన్న దాని పక్కన తన తడి అడుగు వేసి చూపించేవాడు. ఆయన అడుగుకి మధ్యలో, లోపలివైపు ఖాళీ ఉండేది.

"నీకూ ఇక్కడ గాలాడాల గుంటా. నేకపోతే పెద్దైనాక నడిస్తే సాలు, కాళ్ళు పీకేత్తాయి."

దానికి మందు చింతగింజలు. జుగ్సలాయి బజారు నుంచి తెచ్చిన చింతపండులోంచి అమ్మ తీసిన గింజల్ని నాన్న కడిగి ఎండబెట్టేవాడు. వాటిని నేల మీద చల్లి, కాలివేళ్ళతో ఏరి ఇత్తడి గిన్నెలో వెయ్యమనేవాడు. నేను ఆపసోపాలు పడి ఒకటి ఏరేలోపు ఆయన గిన్నె సగం నింపేవాడు. నేను ఏడుపుమొహం పెట్టగానే ఒక గింజని బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఇరికించుకుని, కళ్ళు మూసుకుని, "ఇది పుచ్చు," అనేవాడు. తీసి చూస్తే నిజంగానే పుచ్చు గింజ. నాకది గారడీలా ఉండేది. ఎన్నాళ్ళకో ఒక ఉదయం నా తడి అడుగులో సన్నగా ఖాళీ కనిపించింది. నాన్న ఆ అడుగు ఆరిపోయేదాకా దాని పక్కనే గొంతుక్కూర్చున్నాడు. అమ్మని అటువైపు అడుగు వెయ్యనివ్వలేదు.

ఆ మరుసటి ఏడాది ఆయన చిక్కిపోవడం మొదలైంది. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరేది కాదు. ఇంజన్ల దగ్గర వేడికి అనుకున్నాం. చక్కెర జబ్బు పేరు మేమూ విన్నాం గానీ, అది కూర్చున్నచోటికి మిఠాయిలు తెప్పించుకునే పెద్దమనుషుల జబ్బని మా నమ్మకం. రోజూ ఒళ్ళొంచి పనిచేసి, ఆపైన కసరత్తు కూడా చేసే మనిషి దగ్గరికి అదెందుకు వస్తుంది? తర్వాత కాళ్ళకి మంటలు పట్టుకున్నాయి. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని పాదాలకి తడిగుడ్డ చుట్టుకునేవాడు. అమ్మ ఆముదం రాసేది. నాన్న మాత్రం తన వైద్యమే నమ్మాడు. పొద్దున్నే మంచు పడ్డ గడ్డి మీద నడక, ఆ తర్వాత కంకర మీద నడక.

కొన్ని నెలలకి మంటలు పోయాయి.

మా ఇంట్లో ఎంత సంతోషమో! అమ్మ బెల్లం పరవాన్నం వండి ఇరుగుపొరుగులకి పంచింది. నాన్న రెండు గిన్నెలు తిన్నాడు. పట్టాల పక్క కంకర మీద మునుపు ఆయన కూడా చూసుకునే అడుగేసేవాడు. ఇప్పుడు పరుపు మీద నడిచినట్టు తల ఎత్తుకుని నడిచి చూపించాడు. "సూసినారా? ఏటీ తెలడం నేదు. అరికాలు ఇనుమైపోనాది," అన్నాడు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. నొప్పి పోతే రోగం పోయిందనుకోవడం లోకమంతా చేసే పనే. మేము ఇంకో మెట్టెక్కి, అది కసరత్తు ఫలం అనుకున్నాం.

మా వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబాలన్నీ కలిసి వేసవిలో అమ్మవారి పండగ చేసేవి. ఆఖరున నిప్పులు తొక్కడం ఉండేది. మైదానం చివర గుండం తవ్వి, కట్టెలు కాల్చి, ఎర్రటి నిప్పులు పరిచేవారు. మొక్కుకున్నవాళ్ళు ఉపవాసం ఉండి, పసుపు బట్ట కట్టి, వేపరెమ్మ పట్టుకుని గబగబా దాటేసేవారు. నాన్న ఏటా తొక్కేవాడు, అందరిలాగే గబగబా దాటేవాడు. దాటగానే అవతల పసుపునీళ్ళ గుంటలో కాళ్ళు ముంచి "అమ్మయ్య" అనేవాడు.

ఆ ఏడు నెమ్మదిగా నడిచాడు. గుండం నడుమ ఆగాడు. ఆగి, రెండు చేతులూ ఎత్తి అమ్మవారికి దండం పెట్టాడు. డప్పులవాళ్ళు వాయించడం మరిచిపోయారు. "అమ్మోరు పూనింది!" అని ఒకావిడ అరిచింది. ఆయన గుండం దాటగానే ఆడవాళ్ళంతా కాళ్ళ మీద పడ్డారు. బిందెలతో పసుపునీళ్ళు పోశారు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను కనబడ్డవాళ్ళందరికీ ఆయన మా నాన్నే అని చెప్పుకున్నాను. "అమ్మోరి దయ" అన్నమాట ఆ రోజు ఎన్ని నోళ్ళలో విన్నానో! ఇప్పటికీ ఎవరైనా ఆ మాట అలవోకగా అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

సాయంత్రం కాళ్ళు కడగబోయిన అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. కుడి అరికాలి చర్మం పొరగా ఊడి వేలాడుతోంది.

"ఓలమ్మో, ఇదేటి? నీకు నొప్పెట్టడం నేదేటి?"

"ఎక్కడే?" అన్నాడు నాన్న. కాలు తిప్పి చూసుకున్నాడు. ఎవరిదో కాలు చూసినట్టు చూశాడు. "అమ్మోరి గురుతులే. అదే మానిపోతాది."

మానలేదు. పసుపు పెట్టారు, ఆకుపసరు కట్టారు. ఆయన ఆ కట్టుతోనే మైదానానికి వెళ్ళాడు, ఆ కట్టు మీదే బూటు తొడుక్కుని షెడ్డుకి వెళ్ళాడు. మామూలు మనిషిని నొప్పే మంచాన కూర్చోబెడుతుంది. ఆయనకి ఆ నొప్పి లేకుండా పోయింది. వేళ్ళు నల్లబడి ఇల్లంతా వాసన వేసినప్పుడు గానీ ఆసుపత్రికి కదల్లేదు.

అమ్మకి హిందీ సరిగా రాదని నేను తోడు వెళ్ళాను. డాక్టరు ముందు పాడైన కాలు చూశాడు. బాగున్న ఎడమకాలు చాపమన్నాడు. కళ్ళు మూసుకోమని, దూదితో ఎక్కడ తాకితే అక్కడ చెప్పమన్నాడు. బొటనవేలికి తాకించాడు. పాదం మధ్యలో తాకించాడు. మడమ మీద రాశాడు. తర్వాత దూది పక్కన పెట్టి, సూది తీసుకుని వేలి కొసన గుచ్చాడు. చిన్న రక్తపుచుక్క వచ్చింది. నాన్న కళ్ళు మూసుకుని బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. చివరికి తనే హిందీలో అన్నాడు: "ముట్టుకోండి సాబ్. నేను తయారే."

నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. పుచ్చు గింజని పోల్చిన కాలు అది. మంటలు పోయింది నయమై కాదనీ, చక్కెర జబ్బుకి నరాలు చచ్చిపోయాయనీ డాక్టరు చెబుతుంటే నాన్న మధ్యలో అడ్డొచ్చి, "కానీ నేను రోజూ కసరత్తు చేస్తాను సాబ్," అన్నాడు. అది మరోసారి కూడా చెప్పాడు.

కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఎడమది మిగలాలంటే ఇంట్లో కూడా వట్టికాలు నేల మీద మోపకూడదన్నారు. రోజూ ఎవరో ఒకరు అరికాలు చూడాలన్నారు. మంచం కింద బూట్లలో ఎడమది బయటికొచ్చింది. కుడిదాన్ని అమ్మ పారేయనివ్వలేదు. కుర్రాళ్ళు కొన్నాళ్ళు తమంతట తామే మైదానానికి వెళ్ళారు, తర్వాత మానేశారు.

అరికాలు చూడటం నా వంతు. బడికెళ్ళే ముందు ఆయన మంచం మీద, నేను కింద. బూటు విప్పి బోర్లించి దులిపేదాన్ని. పాదాన్ని వెలుతురుకి తిప్పి చూసి, వేళ్ళ సందులు పొడిబట్టతో తుడిచేదాన్ని. ఆయన కుర్రాళ్ళకి చేసినట్టే చేసేదాన్ని. కాలు వెచ్చగానే ఉండేది. అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

ఒకరోజు, "ఇయాల కొంచెం తెలుత్తన్నట్టుందే. సింతగింజలు అట్రా," అన్నాడు.

తెచ్చి మంచం మీద పోసి, ఇత్తడి గిన్నె నా పక్కన పెట్టుకున్నాను. చూసి ఒకటి వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. కాలు పైకెత్తి, మునుపటిలాగే కళ్ళు మూసుకున్నాడు. గింజ జారి నా పరికిణీ మీద పడింది. చప్పుడు కాలేదు. ఆయన వేళ్ళు మాత్రం అలాగే బిగించి ఉంచాడు.

"పుచ్చు కాదు. మంచి గింజే ఇది," అన్నాడు.

ఆ ఖాళీ వేళ్ళవైపు చూస్తూ, "మంచిదే నాన్నా," అన్నాను. ఆయన కళ్ళు తెరవకముందే ఒళ్ళోని గింజ తీసి ఇత్తడి గిన్నెలో పడేశాను. ఆ చప్పుడు విని నాన్న నవ్వాడు.