ఫైలు కోసం ఆపిన సీటు

ఎమ్మిగనూరు లైబ్రరీలో ఉన్న ఆత్మకథలన్నీ చదివాను. వాటిలో ఎవరూ ఆదోని బస్సులో సీటు గురించి రాయలేదు. అందుకే ఈ సంగతి నేనే రాసి పెట్టాలి.

ఆదోని కాలేజీలో సోషల్ వర్క్ డిగ్రీకి దరఖాస్తు ఇవ్వడానికి ఆ రోజే ఆఖరు. బస్సు రాగానే అందరూ కిటికీల్లోంచి తువాళ్లు వేసి సీట్లు పట్టుకున్నారు. నా దగ్గర తువాలు లేక, దరఖాస్తూ సర్టిఫికెట్లూ ఉన్న ఫైలే ఒక సీటు మీద పడేశాను. తోపులాటలో నేను ఎక్కకముందే బస్సు కదిలిపోయింది.

ఏడుస్తూ వెనక బస్సులో ఆదోని చేరాను. బస్టాండులో ఒక అవ్వ ఒళ్లో నా ఫైలు పెట్టుకుని కూర్చుంది. దరఖాస్తు మీది ఫొటోతో నా మొహం పోల్చి చూసింది.

"నువ్వేనా పాపా? నీ సీట్లో ఎవుర్నీ కూర్సోనీలేదు. నిలబడినోళ్లంతా నా మీదికి కొట్లాటకొచ్చినారు. ఆ పాప వస్తాదని సెప్పినా."

"బస్సు పోతాంటే ఎట్లొస్తాననుకున్నావవ్వా?"

"వచ్చినావు కదా! పో, ముందు కాలేజీకి పో."

నా కోసం ఆగి, ఆమె తను ఎక్కాల్సిన హాలహర్వి బస్సు వదులుకుంది.

ఇప్పుడు రెండో ఏడు చదువుతున్నాను. ఏదైనా వస్తువు పెట్టిన సీటు కనిపిస్తే నిలబడే ప్రయాణం చేస్తాను.

ఈ కోర్సు ఉందని చెప్పిన లైబ్రరీ ఓబులేసు గారికి, కాలేజీ దాకా ఆటో పరుగెత్తించిన ఖాజా అన్నకు, దరఖాస్తు తీసుకున్న సుజాత మేడమ్‌కు కృతజ్ఞతలు. అవ్వ పేరు అడగలేదు. ఖాళీ సీటు పక్కనే ఆదోని దాకా నిలబడి వచ్చినవాళ్ల పేర్లూ తెలియవు. ఆమెకూ, వాళ్లకూ కూడా కృతజ్ఞతలు.