రోగికి మార్కులుండవట

ఆ రోజుల్లో అంటే ఎప్పుడో కాదు, విదేశాల నర్సు లైసెన్సు పరీక్ష తన రూపం మార్చుకున్న కొత్తలో. అంతకుముందు నాలుగు జవాబుల్లో పొడుగ్గా ఉన్నదానికి టిక్కు పెడితే గట్టెక్కవచ్చని సీనియర్లు చెప్పేవాళ్లు. మేం ఆ విద్యలో ఆరితేరేసరికి పరీక్షే మారిపోయింది (నా విషయంలో ఏదైనా అంతే). ఇకమీదట ఒక రోగి కథ ఇస్తారట. ఏం గమనించావు, ముందేం చేస్తావు, చేశాక ఏమైందో చూశావా అని వరసగా అడుగుతారట.

అందుకోసం నాచారంలో మా కోచింగ్ మేడం తరగతిలో ఒక మంచం వేయించింది. ఒకరు రోగి, ఒకరు నర్సు. నర్సుగా మార్కులు తెచ్చుకున్నవాళ్లనే ఆ విడత పరీక్షకు పంపుతానంది. ప్రతివారం నన్నే పడుకోబెట్టేది. నా ముఖం రోగికి సరిగ్గా సరిపోతుందని ఆవిడ అందరి ముందూ అన్నమాట నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా.

చివరి తరగతిలో నర్సు వేషం నాదేనని మాటిచ్చింది. ఈస్టరుకు ముందు మా చర్చివాళ్లు ఉపవాసాలుండే లెంటు రోజులు, ఈ పరీక్ష కోసమే ఉపవాసం పట్టి, ఉప్పల్‌లో ఆసుపత్రి నైట్ డ్యూటీ దిగి, మంచినీళ్లు మాత్రం తాగి వెళ్లాను. తీరా చూస్తే రోగి వేషం వేయాల్సిన అమ్మాయికి నిజంగానే జ్వరమొచ్చిందట. మళ్లీ నేనే మంచమెక్కాను.

కేసు ప్రకారం నాకు ఆపరేషనైన కాలు నొప్పి. మేం టాపర్ అని పిలిచే అమ్మాయి నర్సు. ఆమె కాలి గురించి అడుగుతుంటే నాకు చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. అందరూ నా నటన మెచ్చుకున్నారు. టాపర్ కాగితం తిరగేసి, “చెమట ఈ కేసుల లేదు మేడం. పట్టించుకోవాల్నా?” అంది. మేడం నన్ను చూసి సంబరపడిపోయింది. ఇదే అసలైన కేసు, ఏమై ఉంటుందో చెప్పమని తరగతిని అడిగింది.

“నా షుగర్ పడిపోతుంది మేడం. జర గ్లూకోజ్ ఇయ్యున్రి,” అన్నాను.

“నువ్వు పేషెంటువి. జవాబు నువ్వు చెప్పకూడదు.”

టాపర్ నా మాటనే నర్సు గొంతుతో మళ్లీ చెప్పింది. గ్లూకోజ్ నాకొచ్చింది, మార్కులు ఆమెకు వెళ్లాయి (ఉపవాసం ఎవరికీ కాకుండా పోయింది).

నేను మంచం దిగలేదు. నా మార్కులు నాకు వేస్తేనే లేస్తానన్నాను. టాపర్ బతిమాలింది. వెనక బెంచీవాళ్లు దుప్పటి కప్పమంటావా అని అడిగారు. ఉన్నది ఒకటే మంచం కాబట్టి క్లాసు ఆగిపోయింది. పావుగంట చూసి మేడం వచ్చి నా నాడి పట్టుకుంది. సరే, నువ్వే నర్సువైతే ఇప్పుడేం చేస్తావో చెప్పమంది.

“గ్లూకోజ్ ఇచ్చి టాపర్ పోయి కూసున్నది. తగ్గిందా లేదా సూసినోళ్లే లేరు. ఇప్పుడు షుగర్ మళ్ల చెక్ జెయ్యాలె. తినెతందుకు ఏమన్న పెట్టాలె, లేకుంటే మళ్ల పడిపోతది.”

మేడం నా నాడి వదిలింది. తర్వాత మెల్లగా, “పరీక్షకు వెళ్దువుగాని, ముందు దిగి ఏదైనా తిను,” అంది.

మొదటిసారికే పాసయ్యాను. ఇప్పుడు ఉప్పల్‌లో ఈ పాఠం నేనే చెబుతున్నాను. నా క్లాసులో రోగి మాట్లాడవచ్చు, ఆ మాటను విన్న నర్సుకే మార్కులు. ఆనాడు టాపర్‌కు వేసిన మార్కులు మాత్రం నావే. కలిసినప్పుడల్లా ఆమెకు ఈ సంగతి చెబుతూనే ఉంటాను. ఆకలితో వణుకుతూ మంచం పట్టుకుని వదలని ఆ పిల్ల ఒక్కోసారి గుర్తొస్తుంది. పక్కన కూర్చుని, ముందు తినవే తల్లీ, తర్వాత కొట్లాడుదువు అని నచ్చజెప్పాలనిపిస్తుంది. అయినా నా సంగతి నాకు తెలియదా, రెండు నిమిషాల్లో నేనూ ఆమె పక్కనే మంచమెక్కి కూర్చుంటాను.