మధ్యాహ్నం లెక్కల పీరియడు

"అప్పా, పెద్ద మేడమ్ పోనారంట" అని మా చెల్లి ఫోను చేసినప్పుడు నేను శ్రీకాకుళం ఆసుపత్రిలో నర్సు డ్యూటీలో ఉన్నాను. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఒక ముసలాయనకి సెలైన్ సీసా మారుస్తున్నాను. ఆ పని మధ్యలో ఆపేది కాదు. సీసా మార్చి, చుక్క సరిగ్గా పడుతోందో లేదో చూసి, అప్పుడు మందుల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను. రాజాంలో తన ఇంట్లోనే, తెల్లారి కాఫీ తాగుతూ ఒరిగిపోయారట. రిటైరై ఎన్నాళ్ళో కాలేదు.

పెద్ద మేడమ్ అంటే మా జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మిస్ట్రెస్. మా బడి సముద్రానికీ పొలాలకీ మధ్య రోడ్డు పక్కన ఉంటుంది. ఒక వైపు చేపల వేట మీద బతికే మా పల్లె, ఇంకో వైపు రైతుల ఊరు, రెంటికీ నడుమ చర్చి చుట్టూ ఉన్న పేట. చేతిలో నాలుగు డబ్బులు ఆడే ఇళ్ళ పిల్లలు పొద్దున్నే పసుపు రంగు బస్సెక్కి ప్రైవేటు బడికి పోయేవారు. మిగిలిన వాళ్ళం ఈ బడికి. మా పల్లె మగపిల్లలు ఎనిమిదో తరగతి దాటగానే తండ్రుల వెంట గుజరాత్ బోట్ల మీదకి వెళ్ళిపోయేవారు. అందుకని పదో తరగతికి వచ్చేసరికి మా పల్లె తరఫున దాదాపు అందరం ఆడపిల్లలమే మిగిలేవాళ్ళం.

మిగిలామన్న మాటే గాని, పొద్దున పూట మేమూ బళ్ళో ఉండేవాళ్ళం కాదు. పడవలు ఒడ్డుకి చేరేది ఇంచుమించు బడి వేళకే. అమ్మ వేలం పాటలో చేపలు కొనుక్కుని తట్టకెత్తుకుని అమ్మకానికి బయల్దేరేదాకా ఆమెకి నా సాయం కావాలి. పరుగెత్తుకుంటూ వచ్చేసరికి గేటు వేసేసి ఉండేది. ఎండలో నిలబెట్టి, మొదటి పీరియడు అయ్యాక లోపలికి రానిచ్చేవారు. ఆ మొదటి పీరియడే లెక్కలు. మా పల్లె పిల్లలకి లెక్కలు రావని బళ్ళో అందరూ అనేవారు, మేమూ నమ్మాం.

పెద్ద మేడమ్ మా బడికి వచ్చిన కొత్తలో ఒకరోజు పొద్దున్నే ఒడ్డుకి వచ్చారు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఇసుకలో చెప్పులు దిగబడుతుంటే తూలుకుంటూ వస్తున్న ఆవిడని చూసి నేను మా అమ్మ వెనక దాక్కున్నాను. ఇక్కడే చీవాట్లు పెడతారనుకున్నాను. ఆవిడ నన్ను చూడనట్టే మా అమ్మని అడిగారు, పడవలు ఎన్నింటికి వస్తాయని.

"గంట సూసుకొని వస్తాదేటమ్మా పడవ? గాలిని బట్టి వస్తాది" అంది మా అమ్మ.

ఆవిడ కాసేపు పాట జరుగుతుంటే చూసి వెళ్ళిపోయారు. తర్వాత సోమవారం నుంచి లెక్కలు మధ్యాహ్నం భోజనం తర్వాతకి మారిపోయాయి. అన్నం తిన్నాక పిల్లలు నిద్రపోతారని లెక్కల మాస్టారు స్టాఫ్ రూములో గొడవ పెట్టుకున్నారు, ఆ గొడవ వరండాలో మాకూ వినపడింది. "సముద్రానికి మన టైమ్‌టేబులు తెల్దు మాస్టారూ. దానిది మనమే తెలుసుకోవాల" అన్నారావిడ. గేటు కూడా వేయించడం మానేశారు.

రైతుల ఊరి అమ్మాయిలు మా పక్కన కూర్చునేవారు కాదు, నీచు వాసనని. ఆవిడ ఎవరినీ మందలించలేదు. ఇంటి నుంచి సబ్బు బిళ్ళ తెచ్చి, దారంతో ముక్కలుగా కోసి, బోరింగు దగ్గర కొబ్బరి చిప్పలో పెట్టేవారు. అరిగిపోతే మళ్ళీ తెచ్చేవారు. ఒకసారి ఒక పిల్ల ముక్కు మూసుకుంటే మాత్రం దగ్గరికి పిలిచి, "వాసన పనిది, పిల్లది కాదు" అని చెప్పి ఆ పిల్లని నా పక్కనే కూర్చోబెట్టారు. ఆ పిల్ల ఈ రోజుకీ నాకు స్నేహితురాలు.

ఆవిడలో లోపాలు లేవని కాదు. గొంతు అస్సలు బాగుండేది కాదు, అయినా ప్రార్థనలో అందరికన్నా గట్టిగా పాడేవారు. మేం నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం. కోపం వస్తే కళ్ళజోడు తీసి టేబులు మీద విసిరేవారు, మరుక్షణం అది కనపడక తడుముకునేవారు.

నేను పదికి వచ్చిన ఏడాది జిల్లా అంతా ఒకటే మాట, నూటికి నూరు శాతం పాసవ్వాలని. అందుకు కొన్నిచోట్ల ఒక దగ్గరి దారి ఉండేది. తప్పేలా కనిపించే పిల్లలని హాజరు చాలలేదని చెప్పి పరీక్షకే పంపకపోవడం. నా హాజరు నిజంగానే చాలదు. ఆ చలికాలం అమ్మకి జబ్బు చేసి, తట్ట నేనే మోశాను. ఈ ఏడు రాయకపోతేనే నీకు మంచిదని లెక్కల మాస్టారు క్లాసులోనే అన్నారు. మా పల్లెలో ఒక ఏడు ఆగిన ఆడపిల్ల మళ్ళీ బడి మొహం చూడడం నేనెరగను. ఆ సంగతి నాకు తెలుసు, అమ్మకి తెలుసు. పెద్ద మేడమ్‌కీ తెలుసు కాబట్టే హాజరు సడలింపు తెప్పించి నన్ను పరీక్షకి పంపారు.

నేను తప్పాను. లెక్కల్లోనే. బడి మొత్తం మీద తప్పింది నేనొక్కదాన్నే. పక్క మండలం బడి వాళ్ళు నూటికి నూరని రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టారు. మా బడి గేటు బోసిగా ఉంది. నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు. వేట నిషేధానికి ఇంటికొచ్చిన మా నాన్న, సదివినకాడికి సాల్లే అన్నాడు. కొత్త తట్ట కూడా కొన్నాడు.

నాలుగు రోజులాగి పెద్ద మేడమ్ మా ఇంటికి వచ్చారు. వెనక లెక్కల మాస్టారు, మొహం గంటు పెట్టుకుని. ఎండలు మండిపోతున్నాయి, బడికి సెలవులు. మేడమ్ ఫలితాల మాటే ఎత్తలేదు. మా నాన్నతో "దీనికి సప్లిమెంటరీ ఉంది, అప్పటిదాకా తట్ట ఎత్తనీకు" అన్నారు. ఆ వేసవంతా మూసి ఉన్న బడి వరండాలో మాస్టారు నాకు లెక్కలు చెప్పారు. ఆవిడ రాజాం నుంచి బస్సులో వచ్చి, మెట్ల మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ, నేను తప్పు చేసినప్పుడల్లా మాస్టారికన్నా ముందే నిట్టూర్చేవారు. అత్తెసరు మార్కులతో పాసయ్యాను. అక్కడి నుంచే నేను ఈ తెల్లబట్టల్లోకి రాగలిగాను.

ఆవిడని ఆఖరిసారి సాగనంపడానికి రాజాం వెళ్ళాను. మా పల్లె ఆడవాళ్ళు చాలామంది ఆటోలు కట్టించుకుని వచ్చారు, ఆ రోజు అమ్మకాలు మానుకుని. లెక్కల మాస్టారు అరుగు చివర కూర్చుని ఉన్నారు. బాగా ముసలైపోయారు. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోమన్నారు. నేను పది తప్పిన ఏడాది ఫలితాల తర్వాత జరిగిన సమీక్ష మీటింగు సంగతి ఎత్తారు. నేను తప్పింది ఆయన సబ్జెక్టులో కనుక మేడమ్‌తో పాటు ఆయనా వెళ్ళాల్సి వచ్చిందట.

"నూరు రాని బళ్ళ హెడ్మాస్టర్లని నిలబెట్టేసారమ్మా. కారణం సెప్పి కూకోమన్నారు. ఒక్కొక్కలూ పిల్లల మీద పెట్టేసి కూకుండిపోనారు. బడికి రాదు, హాజరు నేదు, అన్న ఒక్క మాట సాలు. నీ విషయంలో అది నిజం కూడాను. నేను ఎనక కుర్సీలోంచి మెల్లిగా సెప్పాను, ఆ మాట అనేయండి మేడమ్ అని."

"అన్లేదా?" అని అడిగాను.

"'మా పిల్ల మళ్ళీ రాస్తాది సార్' అంది. అంతే."

దానికి మీటింగు పెట్టిన అధికారి ఆవిడని కూర్చోమనలేదట. మీటింగు అయ్యేదాకా ఎవరూ కూర్చోమనలేదట. తిరుగు బస్సులో ఆవిడ ఈ సంగతి పిల్లకి చెప్పొద్దని మాస్టారి దగ్గర మాట తీసుకున్నారు. నాకిప్పుడు తెలిసి ఏం లాభం? ఒక్కసారి కాళ్ళు పట్టుకుందామన్నా ఆవిడ లేరు.

ఆ మీటింగు హాలు నేనెప్పుడూ చూడలేదు. అయినా కొన్నాళ్ళుగా, వార్డులో పని లేని వేళ, అదే కళ్ళ ముందు ఆడుతోంది. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కారణాలు చెప్పినవాళ్ళు ఒక్కొక్కరే కుర్చీల్లో సర్దుకుంటున్నారు. మా పెద్ద మేడమ్ మాత్రం కుర్చీ వీపు పట్టుకుని, నా మీద ఒక్క మాట వేయకుండా, అలా నిలబడే ఉన్నారు.