‘ఉప్పుగాలి’ పుట్టిన ఊళ్ళలో ఒక రోజు

శుక్రవారం ఉదయం ఆరూ ఇరవైకి విజయవాడలో రైలెక్కాను. సంచిలో నోటు పుస్తకం, నెత్తిన రెండు పనులు. ‘ఉప్పుగాలి’ అనే ముగ్గురి బ్యాండు ఆదివారం మొదటిసారిగా రేపల్లెలో పాడుతోంది. ఆ ముగ్గురి చిన్ననాటి సంగతులతో నాలుగు పేజీల పుస్తకం వేయాలట, ఇంకెవరూ దొరక్క నన్ను రాయమన్నారు. రెండో పని గాయని కరుణ ఫోనులో అడిగింది.

"అక్కా, నాన్న కచేరీకి వస్తారో రారో కనుక్కుంటారా? ఆరేళ్ళయింది నాతో మాట్లాడి. నేను చేస్తే ఫోను పెట్టేస్తారు."

ఏడుంబావుకు తెనాలి. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక మాట, టిఫిను ఇక్కడే చేసేయండి. స్టేషను బయట బండి మీద ఇడ్లీ తిన్నాను. అల్లం పచ్చడి ఘాటుకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి, అయినా సిగ్గు లేకుండా మళ్ళీ వేయించుకున్నాను. అక్కడి నుంచి ఆటోలో పది నిమిషాలు, అంగలకుదురు.

కీబోర్డు వాయించే సుధీర్ వాళ్ళ ఊరది. అతని తల్లి సుగుణమ్మగారు కరుణకు సొంత మేనత్త. కొడుకు చిన్నతనం చెప్పమంటే మూలనున్న పాత హార్మోనియం చూపించారు.

"చర్చిలో ప్రసంగం జరుగుతుంటే వెనకమాల కూర్చుని చేత్తో గాలి కొడుతూ పాదంతో దీని మెట్లు నొక్కాడండి. పాస్టరుగారు ఉలిక్కిపడి, ఎక్కడిదాకా చెప్పారో మర్చిపోయారు."

నవ్వు ఆగాక ఆవిడ అన్నయ్య, అదే కరుణ నాన్న సంగతి ఎత్తాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. "రాడండి. ఉడుంపట్టు మనిషి. చర్చి పాటకి డ్రమ్ములు కట్టి స్టేజీ ఎక్కించారని కోపం. అడిగి చూడండి, పోయేదేముంది?"

పదింటికి బాపట్ల రైలు. ఎదురు సీట్లో కాలేజీ పిల్ల నా నోటు పుస్తకం చూసి "ఏంటాంటీ, ఈ వయసులో పరీక్షలా?" అంది. సంగతి చెప్పగానే ఎగిరి గంతేసింది. "ఉప్పుగాలా! వాళ్ళది మా బాపట్లే!" పక్కనున్న పెద్దాయన ఊరుకోలేదు. "కాదమ్మా, తెనాలోళ్ళు." పొన్నూరు దాటినా ఆ తగువు తెగలేదు. నేను ఇద్దరికీ తలూపాను.

బాపట్లలో దిగి ఆటోలో సూర్యలంక చేరేసరికి పదకొండున్నర. డ్రమ్ములు వాయించే గంగరాజు వాళ్ళది సముద్రం మీద బతికే కుటుంబం. తల్లి నాగేశ్వరమ్మగారు చేపల పెట్టెల్లో ఐసు సర్దుతూనే కథ చెప్పారు.

"ఒక డిసెంబరులో మా ఆయన బజార్లో కాయితం నక్షత్రం చూసి, బాగుందని తెచ్చి వాకిట్లో కట్టాడండి. అది కట్టిన ఇంటికి పాడటానికొస్తారని హిందువులం మాకేం తెలుసు? సందెవేళ పాతికమంది వచ్చి పాట ఎత్తుకున్నారు. ముందు నిలబడింది కరుణ వాళ్ళ నాన్నే."

ఆయన దైవాదీనం మాస్టారు. అప్పట్లో బాపట్ల బళ్ళో పని చేస్తూ, క్రిస్మస్ పాటల బృందాన్ని ఊళ్ళమ్మట తిప్పేవారు. ఆ సాయంత్రం కరుణ, సెలవులకొచ్చిన సుధీర్ కూడా వెంట ఉన్నారు.

"పొరపాటున వచ్చారని తెలిసినా పొమ్మనటానికి మనసొప్పలా. టీ పెట్టా. మావాడు ఐసు పెట్టె బోర్లేసి దరువేశాడు. దరువు ఊపుకి ఆ పిల్ల పాట దూకించేసింది. మాస్టారు కళ్ళెర్రజేశారు! మర్నాడు పిల్లలిద్దరూ మళ్ళీ వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. ఇప్పటికీ ఏటా నక్షత్రం కడతాం, పాటల వాళ్ళూ ఏటా వస్తారు."

ఆ మాట విని నాకు కడుపు నిండిపోయింది. అయినా చేపల పులుసుతో అన్నం తినందే ఆవిడ కదలనివ్వలేదు.

రెండింటికి చెరుకుపల్లి మీదుగా రేపల్లె బస్సు. మాస్టారు ఇప్పుడు ఉండేది అక్కడే. కండక్టరును మాస్టారి ఇల్లు అడిగితే నవ్వాడు. "ఆయన దగ్గర పాట నేర్చుకున్నానండి. నా గొంతు విని, నువ్వు ఇంకేదన్నా పని చూసుకోరా అన్నారు. ఇదిగో, చూసుకున్నా."

నాలుగవుతుండగా గేటు తీశాను. మాస్టారు బక్కపలచని మనిషి, ఇస్త్రీ చొక్కా, చూపులో ఇంకా బెత్తం ఉంది. వచ్చిన పని చెప్పాను. విననట్టే పేపరు తిరగేశారు. ఏం చేయాలో తోచక, ఫోనులో ఉన్న కరుణ పాట పెట్టాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. రెండో చరణంలో వేలెత్తారు.

"ఆపండి. మాట మధ్యలో ఊపిరి తీస్తోంది. పదేళ్ళ పిల్లప్పుడు చెప్పా, ఇంకా అదే తప్పు."

"ఆదివారం కచేరీకి వస్తారాండీ?"

"రాను."

నా ప్రాణం ఉసూరుమంది. నోటు పుస్తకం సంచిలో పెట్టుకుని లేచాను.

"రిహార్సలు ఎన్నింటికి?" అన్నారు వెనక నుంచి.

"రేపు నాలుగింటికండి."

"దానికొస్తా. ఇంత తప్పుతో మా ఊళ్ళో పాడితే జనం అనేది దాన్ని కాదు, నన్ను. ఆ దరువు కుర్రాడితో కూడా మాట్లాడాలి."

స్టేషనుకు దాదాపు పరుగెత్తాను. ఆరింటి తెనాలి ప్యాసింజరులో కిటికీ సీటు దొరికింది. మూడు ఊళ్ళు తిరిగి నేను తెలుసుకున్నది ఒకటే, ఈ పిల్లల పాట ఒకరి ఇంట్లో పుట్టింది కాదు. పొరపాటున వచ్చినవాళ్ళకు టీ పెట్టిన వాకిట్లో పుట్టింది. నాకు చాలా సంతోషంగా ఉంది, దాచుకోవడమెందుకు?

వేమూరు దగ్గర కరుణకు ఫోను కలిసింది. జరిగిందంతా చెప్పాను. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఆ ఊపిరి తప్పని నాకు తెలుసక్కా. సుధీర్ ఎన్నిసార్లు పోట్లాడినా నేనే కావాలని మార్చలేదు. పాట బాగుంటే నాన్న ఊరుకుంటారు. తప్పుంటే మాత్రం ఎంత దూరమైనా వస్తారు."